కొట్టని చప్పట్ల బరువు

ఇరవై మూడేళ్ళుగా సంగీతం మీద రాస్తున్నా పెదవివిరుపు గారు ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టలేదు. కొందరు సిగరెట్టు ముట్టరు, కొందరు పేకముక్క పట్టరు, ఆయన చప్పట్లు కొట్టరు. దీన్ని ఆయన నిగ్రహం అనుకునేవారు. ఎవరైనా అడిగితే చెబుదామని ఎదురుచూసేవారు, ఎవరూ అడక్కపోతే తానే కదిపేవారు. "నేను చేతులు కలిపితే జనం దాన్ని తీర్పు అనుకుంటారయ్యా. అందుకే నా జాగ్రత్తలో నేనుంటాను" అనేవారు. ఆ తీర్పులు వెలువడేది ఆదివారం పేపర్లో, మూడో పేజీలో, కింది సగంలో. అదీ ఆ వారం పరుపుల ప్రకటన రాకపోతేనే.

పెదవివిరుపు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ఆఫీసువాళ్ళు పెట్టింది. మొదట్లో నొచ్చుకున్నారు. తరవాత అదేదో బిరుదైనట్టు, ఫోనెత్తి "పెదవివిరుపునే మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టారు.

ఆయనకి ఇంకో నియమం కూడా ఉంది. ఎంత గొప్పవాళ్ళ కచేరీకైనా పదకొండు నిమిషాలే. పదకొండో నిమిషంలో చేతి గడియారం కుయ్యిమంటుంది, ఆయన లేచి ముందు వరుసవాళ్ళ మోకాళ్ళు తొక్కుకుంటూ బయటికి పోతారు. "చెప్పు కరుస్తుందని తెలియడానికి ఊరంతా నడవాలా?" అనేవారు. ఏటా నగరంలో నాలుగు రోజులు జరిగే సంగీతోత్సవానికి ఈ పద్ధతి బాగా కుదిరింది. అరవై వేదికలు. చౌరస్తాలో ఒకటి, గ్రంథాలయంలో ఒకటి, నీళ్ళు తీసేసిన ఈతకొలనులో ఒకటి, కోర్టు మెట్ల మీద ఒకటి. మెళ్ళో బ్యాడ్జీ వేసుకుని, చేతిలో మడతలు చిరిగిన మ్యాపు పట్టుకుని ఆయన ఒక వేదిక నుంచి ఇంకో వేదికకి నడిచేవారు, అద్దె ఇల్లు చూడ్డానికొచ్చి గోడలు తట్టి చూసేవాడిలా.

ఈసారి నాలుగో రోజు పొద్దున ఆయనకి పళ్ళు తోముకోవడానికి చెయ్యి లేవలేదు.

"రెణ్ణెల్ల నుంచీ చెప్తున్నాను, చూపించుకోండి అని" అంది భార్య. ఆవిడ బళ్ళో లెక్కలు చెబుతుంది. ఒకే మాట రోజూ చెప్పడం ఆవిడకి అలవాటే. బ్రష్షు ఆయన నోట్లో పెట్టి, తోమి, ఉమ్మించి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ ఆయన అరచేతుల్ని వేలితో మీటి చూసింది. కూరగాయల తక్కెడ లాంటి దాని మీద ఒక్కో చెయ్యీ పెట్టించి తూచింది.

"కుడిది ఏడున్నర కిలోలు, ఎడమది ఎనిమిది. చప్పట్లు పేరుకున్నాయి" అంది, జలుబు చేసింది అన్నంత మామూలుగా. "హెడ్మాస్టర్లకి వస్తూ ఉంటుంది. మామగార్లకి ఎక్కువ. కొట్టి ఎన్నాళ్ళయింది?"

"ఇరవై మూడేళ్ళు" అన్నారాయన. ఆ సంఖ్య చెప్పేటప్పుడు మెడ కొంచెం నిటారుగా అయింది.

"మా వాడు మొదటిసారి నడిచినప్పుడు కూడా కొట్టలేదు డాక్టరుగారూ. కాస్త తడబడ్డాడన్నారు" అంది భార్య.

"మందేమైనా..." అని అడిగారాయన.

"దీనికి మందేమిటండీ. కొట్టడమే."

ఆయన రెండు చేతులూ దగ్గరికి ఈడ్చి కొట్టారు. తడి ఇసుక మూట మీద ఇంకో మూట పడ్డట్టు వినిపించింది. మళ్ళీ తూస్తే తక్కెడ ముల్లు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

"అలా కాదు. నచ్చి కొట్టాలి. నచ్చకుండా కొడితే ఒక్కటీ రాలదు" అంది డాక్టరమ్మ. "ఇవాళ సాయంత్రం ఆరింటిలోపు దింపుకోవాలి. లేదంటే మోచేతులు దాటి భుజాల్లో గడ్డకడుతుంది. ఆ తరవాత మేం కూడా ఏం చేయలేం. తిండీ బట్టా అన్నీ ఇంకొకరి చేతి మీదే."

"ఆ ఇంకొకరు ఎవరండీ?" అని అడిగింది భార్య.

డాక్టరమ్మ జాలిగా ఆవిడ వంకే చూసింది.

"అయితే లేవండి" అంది భార్య. "ఊళ్ళో అరవై వేదికలున్నాయి. ఒక్కటంటే ఒక్కటి నచ్చదా?"

"నా సంగతి నీకు తెలీదు."

"తెలుసు కాబట్టే తొందరగా బయల్దేరమంటున్నాను."

కూరలకి వాడే చక్రాల సంచి తెచ్చి, ఆయన రెండు చేతుల్నీ అందులో పెట్టించింది. ఆయన దాన్ని తోసుకుంటూ నడిచారు. దారిలో ఒక ముసలావిడ పక్కకి జరిగి, "పాపం, చప్పట్లు" అని మనవరాలికి చూపించింది. ఆ పిల్ల ఎందుకైనా మంచిదని రెండు చేతులూ గబగబా కొట్టుకుంది.

చౌరస్తాలో పెద్ద బ్యాండు. దీని మీద సమీక్ష ఆయన నిన్ననే రాసి పంపేశారు. ఇవాళ రావడం అందులో తప్పుల్లేవని రూఢి చేసుకోవడానికే. మొదట పొగ వచ్చింది. చాలాసేపు పొగే వచ్చింది. అందులోంచి నల్లకళ్ళద్దాల గాయకుడు బయటపడి, "ఎలా ఉన్నారు?" అని అరిచాడు. పదివేలమంది ఊగిపోయారు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఊగారు. ఆ పదివేలమందిలో వేదికని నేరుగా చూస్తున్నవాళ్ళు పాతిక మంది ఉండరు. మిగతావాళ్ళంతా ఫోన్లెత్తి, రేపు తీరుబడిగా చూడకుండా ఉండటానికి ఇవాళ రికార్డు చేసుకుంటున్నారు. గాయకుడు తొమ్మిదోసారి ఎలా ఉన్నారని అడిగేసరికి గడియారం కుయ్యిమంది.

"ఆ అబ్బాయి అన్నిసార్లు అడిగాడు. బాగున్నామని ఒక్కసారైనా చెప్పొచ్చుగా" అంది భార్య, గడియారం నొక్కి ఆపుతూ.

"పొగ బాగా పాడింది" అన్నారాయన. చేతులు కదల్లేదు.

గ్రంథాలయంలో పేరుమోసిన వాద్య విద్వాంసుడు. ఒళ్ళో వాయిద్యం పెట్టుకుని, తీగల మీద వేళ్ళు ఉంచి, మాట్లాడుతున్నాడు. "నేనెవర్నండీ? నేనేం కాదు. మా గురువుగారి పాదధూళిని" అన్నాడు. ధూళి ఏయే దేశాలు తిరిగిందో, అక్కడ ధూళికి ఎవరెవరు శాలువాలు కప్పారో చెప్పాడు. హాలు బయట ధూళి ఫోటో ఆరడుగులది నిలబెట్టి ఉంది. ధూళి ఇంత చోటు ఆక్రమించడం పెదవివిరుపు గారు ఎక్కడా చూడలేదు. జనం మాత్రం ఎంత వినయం, ఎంత వినయం అని చెవులు కొరుక్కుంటున్నారు. పదకొండు నిమిషాలైంది. తీగ ఇంకా మోగలేదు.

ఈతకొలనులో ఒక కుర్ర కళాకారుడు పాత ఫ్రిజ్జు తలుపు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. తెరిస్తే లైటు వెలుగుతోంది, లోపల మోటారు గుర్రుమంటోంది. మూస్తే రెండూ ఆగుతున్నాయి. అదే పల్లవి, అదే చరణం. కింద నీలం పలకల మీద శ్రోతలు వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, జన్మ ధన్యమైనట్టు మొహాలు పెట్టారు. ఒకాయన గురక పెడుతున్నాడు. తాళం మాత్రం ఆయనదే సరిగ్గా ఉంది.

అక్కడే ఆహా గారు తగిలారు. ఆయన అవతలి పేపర్లో రాస్తారు. ఏది చూసినా ఆహా అంటారు, ఎవరు కనిపిస్తే వాళ్ళకి చప్పట్లు కొడతారు, మైకు సరిచేసేవాడితో సహా. అలా కొట్టీ కొట్టీ చేతుల్లో బరువనేది మిగల్లేదు. వదిలేస్తే పైకి తేలిపోతాయని మణికట్లకి సీసం గుళ్ళు కట్టుకుని తిరుగుతారు. వీళ్ళిద్దరూ ఒకరినొకరు ఎంతగా ఏవగించుకునేవారంటే, ఒకరి వ్యాసం ఒకరు ఒక్క వారం కూడా వదలకుండా చదివేవారు.

"మొన్న హాల్లో కునుకు పట్టింది" అన్నారు ఆహా గారు. "గుళ్ళు ఊడిపోయాయి కాబోలు. లేచేసరికి రెండు చేతులూ నెత్తి మీదున్నాయి. ప్రశ్న అడుగుతున్నాననుకుని మైకిచ్చారు."

"ఏం అడిగారు?"

"అడగడమేమిటి, ఆహా అన్నాను."

"ఇది కూడా నచ్చిందా మీకు?" పెదవివిరుపు గారు ఫ్రిజ్జు వైపు గడ్డంతో చూపించారు.

"అద్భుతం."

"ఏది?"

"మొత్తం. ఆ తలుపు తెరిచినప్పుడల్లా చూడండి, లోపల ఎంత శూన్యమో."

"పాలపాకెట్టు ఉంది. ఇందాకట్నుంచీ చూస్తున్నాను" అంది భార్య.

ఆహా గారు ఆ మాటకి కూడా చప్పట్లు కొట్టారు. పల్చటి కాగితాలు ఒకదానికొకటి రాసుకున్నట్టు చప్పుడైంది, అంతే.

నాలుగయ్యేసరికి పద్నాలుగు వేదికలయ్యాయి. కోర్టు మెట్ల మీద వ్యాపారస్తుల బృందం, తమ ఖరీదైన గిటార్లని కొన్నవాళ్ళు తామేనని అందరికీ తెలిసేలా వాయించింది. పూలదుకాణాల సందులో ఒకమ్మాయి ఏడుస్తూ పాడింది, పాట అయిపోగానే టక్కున ఏడుపు ఆపి తన ఫోన్ నంబరు చెప్పింది. బరువు మోచేతుల దాకా పాకింది. సంచి చక్రం ఒకటి వంగిపోయి, నడుస్తుంటే కిర్రుకిర్రుమంటోంది.

భార్య ఒక గోడకి ఆనుకుని చెప్పు విప్పి పాదం ఒత్తుకుంది.

"ఒక్క సంగతి అడుగుతాను, పెదవి విరవకుండా చెప్పండి" అంది. "ఇరవై మూడేళ్ళలో ఒక్కటీ నచ్చలేదా మీకు?"

ఆయన సంచిలోకి చూస్తూ నిలబడ్డారు.

"నచ్చాయి" అన్నారు.

"ఎన్ని?"

"లెక్కపెట్టలేదు. చాలా. సరిగ్గా పదో నిమిషంలో నచ్చడం మొదలయ్యేది. అందుకే పదకొండుకి లేచిపోయేవాణ్ణి."

"అదేం చోద్యం? నచ్చితే కూర్చుంటారు గానీ లేచిపోతారా?"

"కూర్చుంటే కొట్టేస్తాను కదా. పక్కనున్నవాళ్ళు చూస్తారు. ఓహో, ఈయన కూడా మనలాంటివాడే అనుకుంటారు."

భార్య చెప్పు తొడుక్కుంది. పాతికేళ్ళ కాపురంలో ఆయన్ని చాలాసార్లు తిట్టింది గానీ, ఈసారి వంగిన సంచి చక్రాన్ని ఒక తన్ను తన్ని ఊరుకుంది. "ఎక్కడైనా కుర్చీ దొరికితే చాలు నాకు. పదండి" అంది.

కుర్చీలు ఖాళీగా ఉన్నది ఒక్కచోటే. బహుళ అంతస్తుల కార్ పార్కింగులో, మూడో అంతస్తు, అరవయ్యో వేదిక. పేరులేనివాళ్ళకి తలా ఇరవై నిమిషాలు. రెండు స్తంభాల మధ్య ఒక మైకు, నలభై కుర్చీలు. కూర్చున్నది ఆరుగురు, వాళ్ళలో ఇద్దరు లిఫ్టు కోసం ఆగినవాళ్ళు. వేదిక మీద ఒకావిడ బస్సు పాసుల కౌంటరు యూనిఫాంలోనే నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి, ఛాతీ మీద నంబరు బిళ్ళ కూడా తీయలేదు. పక్కన ఆవిడ మరిది కీబోర్డు ముందు కూర్చుని, ఇస్త్రీ బల్లలాంటి దాని కాళ్ళు సరిచేసుకుంటున్నాడు.

పాటకి ఆరు చరణాలు. ఎవరో ఎవరికోసమో కిటికీ దగ్గర కూర్చుని చూడ్డం గురించి. గొంతు మరీ గొప్పదేం కాదు, మరీ తీసిపారేసేదీ కాదు. నాలుగో చరణంలో గొంతు పైకెక్కి, మధ్యలో ఊపిరి తీసుకోకుండా మలుపు తిరిగి కిందికి రావాలి. ఆవిడ ఎక్కింది, మలుపు దగ్గర జారింది.

పెదవివిరుపు గారు పెదవి విరిచారు. ఇప్పుడేం జరుగుతుందో ఆయనకి తెలుసు. ఆవిడ నవ్వేస్తుంది, లేదా దగ్గినట్టు నటిస్తుంది, లేదా అదే కావాలని చేసిన గమకమన్నట్టు చెయ్యి తిప్పుతుంది. ఇరవై మూడేళ్ళుగా అందరూ అదే చేశారు.

ఆవిడ ఆపేసింది.

"తప్పు పోయిందండీ" అంది మైకులో. "మళ్ళీ మొదట్నించి పాడతాను."

"వదినా, ముందుకి పోదాం. ఎవరికీ తెలీదు" అన్నాడు మరిది. మైకు పక్కనే ఉంది కాబట్టి అందరికీ తెలిసింది.

"నాకు తెలుసుగా" అందావిడ.

మొదట్నించి పాడింది. మళ్ళీ అక్కడే జారింది. మళ్ళీ ఆపింది. లిఫ్టు వచ్చింది, ఇద్దరు ఎక్కి వెళ్ళిపోయారు. గడియారం కుయ్యిమంది. పెదవివిరుపు గారు అలవాటుకొద్దీ లేచి, సంచి తోసుకుంటూ స్తంభం దాకా వెళ్ళారు. అక్కడ ఆగారు. మంచి ఉద్దేశంతో కాదు. మూడోసారి కూడా పడుతుందని ఖాయంగా తెలిసి, పడటం కళ్ళారా చూసి వెళదామని. ఆవిడ ఆయన్ని నిరాశపరచలేదు. అదేచోట, అంతే ఘోరంగా పడింది.

"మళ్ళీ మొదట్నించండీ" అంది.

ఆయన వెనక్కి వచ్చి కూర్చున్నారు. భార్య ఓరకంట చూసింది.

నాలుగోసారి మూడో చరణం దగ్గరికొచ్చేసరికి ఉత్సవం తరఫు సూపర్వైజరు వచ్చి, చేతి గడియారం చూపించి, మైకు తీగ పీకేశాడు. ఇరవై నిమిషాలు అయిపోయాయి. వెనక డప్పుల బృందం చొక్కాలు విప్పి, కండలకి నూనె రాసుకుని సిద్ధంగా ఉంది. ఆవిడ మైకు చచ్చిపోయిందని గమనించినట్టే లేదు. పాడుతూనే ఉంది. కింది అంతస్తులో ఎవరి కారో వెనక్కి వస్తూ టింగు టింగుమంటోంది. గొంతు సన్నగా, మామూలు ఇంటి గొంతులా వినిపించింది. నాలుగో చరణం మొదలైంది. పెదవివిరుపు గారు ముందుకి వంగారు. ఈవిడ పడాలని కోరుకుంటున్నానా, పడకూడదని కోరుకుంటున్నానా అని ఆయన తనలో తనే వెతుక్కున్నారు. ఊపిరి ఆవిడ కాదు, ఆయన బిగబట్టారు. గొంతు ఎక్కింది. మలుపు దగ్గరికొచ్చింది. తిరిగింది.

తిరిగినట్టు ఆవిడకే తెలియలేదు. అయిదో చరణంలోకి నడిచి వెళ్ళిపోయింది.

ఆయన చేతులు సంచిలోంచి లేచాయి.

పాట మధ్యలో చప్పట్లు కొట్టేవాళ్ళంటే ఆయనకి మొదట్నుంచీ పరమ అసహ్యం. అలాంటివాళ్ళని టిక్కెట్టు లేకుండా వచ్చినవాళ్ళతో పాటు బయటికి పంపాలని రెండు వ్యాసాలు రాశారు. ఇప్పుడు సరిగ్గా పాట మధ్యలో కొట్టారు. మొదటి దెబ్బకి కారు అలారాలు మూడు మోగాయి. రెండో దెబ్బకి దూలాల మీది పావురాలన్నీ లేచాయి. ఆ తరవాత ఆయన కొట్టడం కాదు, చేతులే ఆయన్ని పట్టుకుని ఊపేశాయి. వరసా క్రమం లేకుండా దిగుతున్నాయి. ఏనాడో వంతెన కింద విన్న వేణువుకి కొట్టాల్సినవి, ఒక పెళ్ళిలో ఎవరూ పట్టించుకోని క్లారినెట్టు ముసలాయనకి కొట్టాల్సినవి, పన్నెండేళ్ళ కిందట పదో నిమిషంలో కళ్ళు తడిపిన వయొలిన్ పిల్లకి కొట్టాల్సినవి. మధ్యలో తన కొడుకు మొదటి అడుగులకి కొట్టాల్సినవి కూడా కొన్ని పడ్డాయి. అవి చిన్నగా, గబగబా మోగాయి.

చప్పుడు విని రెండో అంతస్తువాళ్ళు పైకొచ్చారు. నాలుగో అంతస్తువాళ్ళు కిందికొచ్చారు. చౌరస్తాలోంచి కూడా జనం ఫోన్లెత్తుకుని పరిగెత్తుకొచ్చారు. ఏమిటో తెలియకపోయినా వాళ్ళూ కొట్టారు, తెలియకపోవడం వాళ్ళకి ఎప్పుడూ అడ్డు కాలేదు. డప్పుల బృందం కాసేపు పోటీపడి, తేలిపోయి, చొక్కాలు తొడుక్కుంది.

వేదిక మీద ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. అయిదో చరణం పాడింది, ఆరోది పాడింది. ఒక్క అక్షరం ఎవరికీ వినపడలేదు. అయిపోయాక తలొంచుకుని నిలబడింది. ముప్పావుగంట అలాగే నిలబడి, వచ్చినవన్నీ పుచ్చుకుంది.

"అన్నీ నీకే వదినా" అన్నాడు మరిది.

అన్నీ ఆవిడవి కావని పెదవివిరుపు గారు లేచి చెప్పబోయారు. "నోరు మూసుకుని కొట్టండి" అంది భార్య.

ఆరింటికి అయిదు నిమిషాలుండగా చేతులు వాటంతటవే ఆగాయి. ఆయన జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. తన చేత్తో తనే.

పాసుల కౌంటరావిడకి ఇంట్లో ఒక ఒప్పందం ఉండేదని తరవాత తెలిసింది. ఉత్సవంలో ఒక్కసారి పాడటం, ఇక జన్మలో పాట మాట ఎత్తకపోవడం. అత్తగారు, భర్త, ఇద్దరు ఆడపడుచులు ఒకే మాట మీద నిలబడి ఒప్పించుకున్నారు. ముప్పావుగంట చప్పట్ల తరవాత ఆ మాట గుర్తుచేయడానికి ఇంట్లో ఎవరికీ మొహం చెల్లలేదు. ఆవిడ పొద్దుటి డ్యూటీకి మార్పించుకుంది. సాయంత్రాలు పాడుతోంది. చిన్న హాళ్ళలో, యాభై కుర్చీల చోట్ల. తప్పు పోతే ఇప్పటికీ ఆపేసి, మొదట్నించి మొదలుపెడుతుందట. కొందరు విసుక్కుని లేచిపోతారు. కొందరు దానికోసమే వస్తారు.

సోమవారం ఎడిటరు ఫోన్ చేశాడు. "ఎవరో బస్సు పాసులావిడకి మీరు చప్పట్లు కొట్టారట. ఊరంతా అదే చెప్పుకుంటోంది. ఎలా పాడిందేమిటి?"

"కొట్టాను" అన్నారు పెదవివిరుపు గారు.

"అది కాదండీ, ఎలా పాడింది అని."

ఆయన కాగితం ముందేసుకుని, రాసిందల్లా కొట్టేశారు. ఆ వారం మూడో పేజీ కింద పరుపుల ప్రకటన వేశారు.

అప్పట్నుంచి ఆయన ఆవిడ పాడే ప్రతిచోటికీ వెళుతున్నారు. ఆ పాట పాడమని చీటీ పంపుతారు. భార్య పక్కన కూర్చుని, "ఈసారైనా కాస్త పట్టుకోండి" అని ముందే హెచ్చరిస్తుంది. ఆయన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటారు. నాలుగో చరణం వస్తుంది, మలుపు తిరుగుతుంది, తొడలు పైకి లేస్తాయి. చప్పట్లు మొదలవుతాయి. అవి ఆగేసరికి ఆవిడ మంచినీళ్ళు తాగుతూ ఉంటుంది.

కిటికీ దగ్గర కూర్చున్న మనిషి చూస్తున్నది ఎవరికోసమో, ఆ వచ్చేవాళ్ళు చివరికి వచ్చారో లేదో, పెదవివిరుపు గారికి ఇప్పటికీ తెలియదు.